పెద్దక్షరం

సుబేదారి జిరాక్స్ షాపుల
పింఛను అర్జీ కొడుతున్న.
పేరు ముందొస్తే హోదాకు పెద్దక్షరం,
పేరెనుక నడిస్తే చిన్నది:
టైపు నేర్పిన మొగిలయ్య సారు
స్కేలుతోని వేళ్లకెక్కించిన రూలు.

కొంరెల్లి తాత తెర మీదికి వంగిండు.
ఇంగ్లీషు రాదు. కానీ కాజీపేట లైన్ల
విజిల్ బోర్డు మీది డబ్ల్యూకు
ఏటేటా రంగేసిన మనిషి,
అక్షరం ఎత్తు ఆయనకెరుకే.

"కలెక్టరు నిలవడ్డడు,
నా గ్యాంగ్‌మన్ ఎందుకు కూసున్నడు బిడ్డా?"

"నీ పేరెనుక వచ్చిండు తాతా."

"ఎనుకనా?
ముప్పై ఏండ్లు పట్టాల మీద
'ఏయ్ గ్యాంగ్‌మన్' అన్నోళ్లే.
పేరు దాకా ఎవడొచ్చిండు?"

కర్సరు కాసేపు కొట్టుకుంది.
మాటను జరిపి పేరు ముందు పెట్టిన.
రూలు రూలే. జీ లేచింది.

కింద తెలుగుల సంతకం చేసిండు.
మనకు లేవుగదా పెద్దక్షరాలు,
అయినా 'కొం'
గీత దాటి పైకి పోయింది.