ఫారంలో లేని గడి

ఫారంలో ఇరవై మూడు గడులున్నాయి:
గోడ మందం, సిమెంటు పాలు, మరుగుదొడ్ల సంఖ్య,
మంటలార్పే ఇసుక బకెట్లు.
పొద్దు ఎటు నుంచి వస్తుందన్న గడి లేదు.

నేను యాంగ్‌డోల్‌ని, లదాఖ్‌లో జూనియర్ ఇంజనీర్ని.
నవంబరులో స్కింద్‌మోకి కొత్త బడి కొలవడానికి వెళ్తే
పిల్లలంతా బయట, ఎండగోడకి వీపులానించి
ఎక్కాలు అప్పజెబుతున్నారు.
లోపల పెన్నుల్లో సిరా గడ్డకట్టింది.
కిటికీలన్నీ ఉత్తరానికి, రోడ్డు వైపు.
ఎక్కడో మైదానంలో, ఫ్యాను కింద కూర్చుని గీసిన ప్లాను.
నిబంధనల ప్రకారం అంతా సరిగ్గానే ఉంది.
టిక్కు పెట్టాను.

రింఛెన్ తాత నవ్వాడు.
ఊళ్ళో సగం గోడలు ఆయన చేతివే.
"పొద్దెటుందో చూడ్డానికి టెండరు పిలవాలా అమ్మాయ్?"
తన ఇల్లు చూపించాడు.
మూరెడు మందం మట్టిగోడ,
కింద పశువుల ఊపిరి, పైన మనుషుల నిద్ర,
పోప్లార్ దూలాలు, విల్లో పుల్లలు, గడ్డి, ఆపైన జిగటమన్ను.
పేడపొయ్యి ఎప్పుడో ఆరిపోయింది,
గోడ మాత్రం ఇంకా పగటి ఎండనే కాస్తోంది.
"ఇది నాకు ఏ కాగితం నేర్పింది?"
ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను:
చట్టం వద్దు, ఇంగితం చాలు.

అంత తేలిగ్గా తేలిపోతే బాగుండేది.

తాత మేనల్లుడు గ్యాల్సన్‌కీ ఇంగితం ఉంది,
పైగా పదునైనది.
వచ్చినవాడు మంచం మీంచే మంచుకొండ చూడాలి,
అందుకని గోడంత అద్దం.
స్నానం లేకపోతే వాడికి నిద్రపట్టదు,
అందుకని పన్నెండు గదులు, పన్నెండు షవర్లు, ఒక బోరు.
లెక్కలో ఎక్కడా తప్పు లేదు.
రెండో వేసవికి
దిగువన ఛుస్కిత్ అవ్వ ఊట ఎండిపోయింది.
అవ్వ తిట్టలేదు.
ఖాళీ డబ్బా తెచ్చి ఆ అద్దం ముందు పెట్టి వెళ్ళిపోయింది.
ఇప్పుడక్కడ రెండు ఖాళీ డబ్బాలు.

ఆ ఆగస్టులోనే వాన వచ్చింది.
మా నేలకి వాన చుట్టపుచూపు,
దుమ్ము అణిచి వెళ్ళిపోతుంది.
ఈసారిది మూడు రాత్రులు కదల్లేదు.
తాత ఇంటికప్పు ముందు చెమర్చింది, తర్వాత కారింది,
చివరికి ముద్దలు ముద్దలుగా వంటింట్లోకి దిగింది.
అరవై ఏళ్ళుగా ఆ చేతులు ఎరిగిన ఆకాశం వేరు.
తొమ్మిది కుటుంబాలు తలదాచుకున్నది
ఉత్తరపు కిటికీల బడిలో.
రేకు నిలబడింది.
పళ్ళు టకటకలాడుతున్నా అందరూ పొడిగా ఉన్నారు.
తాత మూలన కూర్చుని ఆ రేకు చప్పుడు వింటూ
ఒక్క ఎకసెక్కమూ ఆడలేదు.

తెల్లారాక అన్నాడు,
"మా నాన్న ఛుర్‌పోన్‌గా చేశాడు, తెలుసా?"
ఏటా ఊరు ఎన్నుకునే నీటిపెద్ద.
ఎవరి చేనుకి ఎంతసేపు, ఎవరి తర్వాత ఎవరు,
అంతా నోటిమాటే. చేతిలో మాత్రం కర్ర ఉండేది.
సొంత తమ్ముడే రాత్రిపూట గట్టు తెంపితే
వాడి మేకని జరిమానాగా లాక్కొచ్చాడట.
"మేం దాన్నంతా ఇంగితమనుకున్నాం.
కర్ర సంగతి మర్చిపోయాం."

వాన వెలిసిన వారం
ఆ ఫారం వెనకవైపు మేమిద్దరం కూర్చున్నాం.
ఆయన చెప్తాడు, నేను రాస్తాను, ఆయనే కొట్టేయమంటాడు.
కిటికీ దక్షిణానికి. బోరుకి ఊరి ఒప్పుదల.
కప్పుకి బారకి బెత్తెడు వాలు.
బెత్తెడంటే ఎవరి బెత్తెడు, అన్నాను.
చెయ్యి కాగితం మీద పరిచాడు.
దాని చుట్టూ పెన్సిలు తిప్పాను.
గోళ్ళలోని మన్ను రాలి కాగితం మాసిపోయింది.

పై ఆఫీసు తిప్పి పంపింది:
జతచేసిన చేతి బొమ్మ కొలప్రమాణం కాదు.
కోపం వచ్చింది. నిజమే అనీ అనిపించింది.
ఆ చెయ్యి ఎల్లకాలం ఉండదు.
స్కేలు పెట్టి, సెంటీమీటర్లు చేసి,
మళ్ళీ పంపాను.

జవాబు ఇంకా రాలేదు.
పిల్లలు ఇవాళ కూడా బయటే ఉన్నారు,
ఎండ జరిగినప్పుడల్లా
చాప లాక్కుంటూ.