నిద్రొచ్చే జాగలు

హన్మకొండ నుంచి కాళేశ్వరం దాకా
నూటపదిహేను కిలోమీటర్లు.
ఫోను ఒక్కటే నీలిగీత గీసి ఊకుంటది.
దానికి లారీలు తెల్వవు.

అందుకే పరకాలల, ధర్మకాంటా పక్క చాయ హోటల్ల
బొగ్గు లారీ ఓదేలు ముందట కాయితం పరిచిన.
"రోడ్డు ఎట్లుంటదని అడుగుతలేనన్నా,
నీకు నిద్ర ఏడొస్తదో చెప్పు."

నవ్విండు. తర్వాత నవ్వలే.
"రేగొండ దాటినంక, తెల్లారగట్ల మూడున్నరకు.
అద్దం దించి మొకం మీద నీళ్లు కొట్టుకుంట.
చెల్పూరు పొగగొట్టం లైట్లు కనవడితె
మళ్ల మనిషినైత."

ఎర్ర పెన్సిలుతోని గీసిన.
చీకట్ల నేను ఆ ముక్క మీద ఉండొద్దు.

మిగిలినయి నేను ఏరుకున్నయే.
కోతలప్పుడు సగం రోడ్డు వడ్లదే,
రాత్రి పట్టా కప్పి చుట్టూ రాళ్లు పెడ్తరు,
రాయికి రేడియం ఉండదు.
టేకుమట్ల దిక్కు మళ్లితే లారీలు తప్పుతయి గని
మానేరు మీద వంతెన మ్యాపుల పూర్తయింది,
మానేట్ల కాలే.
ఎండకాలమైతే ఇసుకల సైకిలు భుజానేసుకొని దాటొచ్చని
బర్లకాడి పిలగాడు చెప్పిండు.
నువ్వు దాటినవారా అంటే, బర్రె దాటిందన్నడు.
సరే, పెద్దరోడ్డే. పొద్దు పొడిచినంకనే.
తుమ్మ ముళ్లకు రెండు ట్యూబులు.
మహదేవపూర్ అడివిల నీళ్లకు ఫారెస్టు చెక్‌పోస్టు.
కాటారం కుక్కలకు దిగి నిలవడుడే, ఉరుకుడు లేదు.

లేవబోతుంటే ఓదేలు పెన్సిలు గుంజుకున్నడు.
గణపురం మలుపు కాడ ఒక సున్న చుట్టిండు.
దాని మీద ఇంకో సున్న. ఇంకోటి.
కాయితం చినిగేదాక.
"ఈడ దిగు. సైకిలు చేతవట్టుకొని నడువు."
"నిద్రనా?"
"కాదు. ఆ పొద్దు సక్కగ మేల్కొనే ఉన్న."
చాయ పైసలు నన్ను ఇయ్యనియ్యలే.

మార్గశిరంల ఒక్కన్నే ఎల్లిన.
తొమ్మిదిన్నరకు ఆ మలుపు వచ్చింది.
ఏం లేదాడ. ఒకదిక్కు రెండో ఏరుడు అయిన పత్తిచేను,
ఒకదిక్కు కిలోమీటరు రాయి, అంకె చెరిగిపోయి.
దిగి నడిచిన,
ఎందుకో బెల్లు మీద బొటనవేలు పెట్టుకొని.

ఎన్క ఒక లోడు బండి వచ్చి నెమ్మదించింది.
హారన్ కొట్టలే.
మళ్ల నేను ఎక్కి తొక్కేదాక
దాని గురగుర నా నడకతోనే నడిచింది.
దాటిపోయేటప్పుడు నంబరు చూద్దామనుకున్న.
చూడలే.