గుక్క తప్పిన చోటు

అట్ట మీద నవ్వే బంగారు జుట్టు పిల్ల
మాలో ఎవరికీ తెలీదు.
ఫొటోకి కూర్చుంది, అంతే.
లోపల పాడింది గ్లెనిస్ ప్రొథెరో.
పాత్రకి పదహారేళ్ళు.
ఆమెకి ఏడో నెల.

డెట్‌ఫర్డ్‌లో చర్చి హాలు, యాభై ఏడు, ఫిబ్రవరి.
ఎప్పుడో నలభై ఏళ్ళ కిందట ఆడి, తెరపడి,
చిమ్మెటలు కొట్టేసిన సంగీత నాటకం.
మూడు గంటల దాన్ని ప్లేటుకి రెండు వైపులా పట్టేలా కుదించి
ఒక్క రోజులో, ఒక్క మైకు ముందు పాడెయ్యాలి.
తెర లేదు, దీపాల్లేవు, రాజభవనం లేదు.
ఉన్నదల్లా ఓ కిరసనాయిలు పొయ్యి,
అదీ బుసకొడుతుందని
ఎర్రలైటు వెలగ్గానే ఆర్పేసేవాళ్ళు.

నా పేరు అట్ట మీద వెతక్కండి.
నేను తలుపుని. గుర్రాన్ని. షాంపేను గ్లాసుల్ని.
రెండో అంకంలో నూటయాభై మంది నాట్యమాడే సభ ఉందే,
అది నేనూ, మా అన్న బూట్లూ, ఓ చెక్కపలకా.

యువరాజు కథ్‌బర్ట్ హెయిన్స్,
గ్యాసు కంపెనీ గుమాస్తా,
పళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పి వచ్చాడు.
శత్రువు పాడాల్సినవాడికి ఆ పొద్దున్నే గొంతు పోయింది.
సరే, కథ్‌బర్టే మైకుకి అటు ఒకడుగేసి బొంగురుగా సవాలు విసిరాడు,
ఇటు ఒకడుగేసి తీయగా జవాబిచ్చాడు,
తనమీద తానే కత్తి దూశాడు.
కత్తులు నావే. క్యాంటీను చెంచాలు.
అందులో చచ్చిందెవరో
ఎన్నిసార్లు విన్నా నాకు అంతుపట్టదు.

గ్లెనిస్ కాళ్ళు వాచి, చెప్పులు విడిచి
మొగుడి ఉన్ని మేజోళ్ళలో నిలబడి పాడింది.

రెండో వైపు, మూడో పాట.
వెన్నెల, కిటికీ, రాకుమారి ఒంటరిగా.
"ఎవరది తలుపు తట్టేది" అని ఎత్తుకోవాలి,
అంతకు ముందు నేను మూడుసార్లు తట్టాలి.
వేళ్ళు మడిచి సిద్ధంగా ఉన్నాను.
ఇంకా తట్టలేదు.

"ఓ" అంది.

కాగితంలో లేని అక్షరం.
గుక్క తప్పింది, చెయ్యి పొట్ట మీదికి పోయింది.
ఫిడేళ్ళు ఆమె కోసం రెప్పపాటు ఆగాయి.
అందుకుంది మళ్ళీ,
నవ్వుతో తడిసిన గొంతుతో.

పాట అయ్యాక "ఇంకోసారి పాడనా" అంది బెరుగ్గా.
లస్కోంబ్ గారు గడియారం చూశారు,
టేపు చూశారు, జేబు తడుముకున్నారు.
"ఉండనీ. ప్రేమనుకుంటారు."

అనుకున్నారు కూడా.
ఏదో పత్రికలో ఎవరో పెద్దమనిషి రాశాడు,
ఆ తడబాటులో కన్నెసిగ్గంతా ఉందని.
టీ కొట్లో అది చదువుకుని
కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాం,
అప్పటికామె ఉయ్యాల కొనడానికి
బేరాలాడుతోంది.

తలా మూడు గినీలు మాకు. గ్లెనిస్‌కి నాలుగు.
ప్లేట్లేమో కిరాణా కొట్లలో, బట్టల సబ్బు పక్కన అమ్మారు.
ఆమె ఏ స్టేజీ ఎక్కలేదు,
ఎవరూ ఆమెకి చప్పట్లు కొట్టలేదు.
ఆ ప్లేటులో చప్పట్లు లేవు.
అది నన్నడిగితే
నా రెండు చేతులతో అవీ కొట్టేదాన్ని.

నిన్న ఒకాయన వచ్చాడు.
ఐవర్ అట, ఆ ఏడు ఏప్రిల్లో పుట్టాడట,
బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరయ్యాడట.
నాలుగో ఏట తల్లి పోయింది.
పాత సామాన్ల దుకాణంలో నలభై పెన్నీలకి దొరికిందని
సంచిలోంచి ప్లేటు తీశాడు.
"మీకు ఆవిడ తెలుసటగా."

నా చెయ్యి వణుకుతుంది ఈ మధ్య,
రెండు చేతులతో సూది దించాను.
టోపీ మోకాలి మీద పెట్టుకుని
ముఖంలో ఏమీ కదలకుండా విన్నాడు,
సభ, గుర్రం, చెంచాల యుద్ధం.
మూడో పాటలో తలెత్తాడు.

"ఇక్కడేదో గీత పడ్డట్టుంది. పాడైపోయిందా?"

లేదన్నాను.
సూది ఎత్తి కొంచెం వెనక్కి పెట్టాను.
"ఆ తలుపు తట్టాల్సింది నేను, బాబూ.
ఇక్కడ నాకంటే ముందు ఎవరో తట్టారు.
ఇంకోసారి విను."