చెలిమె దగ్గర

ఆ ఏడు ప్రాణహిత ఇసుకలో
పడవలు బోర్లా పడుకున్నాయి.
సిరోంచ బజారులో
బియ్యం ధర అడగడం మానేశాం.

బిచ్చు తలండి వాళ్ల తాత తుపాకి:
గొట్టంలో మందు, కొబ్బరి పీచు, ఒకే ఒక్క గుండు.
ఇనుప కడ్డీతో దట్టించి నా చేతికిచ్చాడు.
"ఇంకోటి కూరేలోపు అది అడివి దాటిపోతది."

వాగు మలుపులో కడితి
ముందుకాలి గిట్టతో చెలిమె తవ్వుతోంది.
తవ్వి, ఆగి, ఊట కోసం చూసింది.
మేమూ చూశాం, వెన్నెల వాలేదాకా.
తడి మెరిసింది. అది తల వంచింది.
నేను కాల్చాను.

పొగ విడిపోయాక
బిచ్చు నన్ను మెచ్చుకోలేదు.
సొరబుర్ర బిరడా తీసి
మాకు మిగిలిన నీళ్లు దాని నోట్లో పోశాడు.
పక్కనుంచి కారిపోయాయి.
"తాగినంక కాల్చొద్దా?
ఎటు పోతుండె?"

కడుపు కోస్తే
ఎండు వెదురాకు, ఇంత ఇసుక.

ఊరంతా తిన్నది.
మా అమ్మ రెండోసారి పెట్టించుకుంది, చాలా రోజులకి.
కాల్చినోడి వాటా అని బిచ్చు
గుండెకాయ మోదుగాకులో చుట్టి నాకే ఇచ్చాడు.

తుపాకి మాత్రం
మళ్లీ ఎప్పుడూ నా చేతికివ్వలేదు.