ఒక కుట్టు ఎక్కువ

పేపరు వాళ్లు ముప్పైతొమ్మిది అంటారు.
అననివ్వండి.
వాళ్లు స్కోరుబోర్డు చూసి లెక్కపెడతారు,
నేను చొక్కా అంచు చూసి.

పద్దెనిమిదేళ్లు మసేరులో
లెసోతో జట్టు బట్టలు ఉతికినవాణ్ణి.
ఎవడు ఎటు జారిపడ్డాడో
మోకాలి దగ్గరి మట్టి చెప్పేది.
ఎవడు అసలు పరిగెత్తనే లేదో
చంకల్లో పొడిగా మిగిలిన బట్ట చెప్పేది.

ఫెయెల్లో మొదటిసారి వచ్చినప్పుడు
కాళ్లకు గమ్‌బూట్లు,
ఒంటిమీద గొర్రెల వాసన కొట్టే దుప్పటి.
మొఖొట్లాంగ్ కొండల్నించి రెండు రోజులు దిగి వచ్చాడు.
గేటు దగ్గర వాచ్‌మన్
ఉన్ని అమ్ముకునేవాడనుకుని రేటు అడిగాడట.
తొమ్మిదో నంబరు చొక్కా చేతికిస్తే
తలుపు చాటుకెళ్లి తొడుక్కున్నాడు.

మొదటి గోలు మోకాలితో.
చూడ్డానికి ఏమంత బాగోలేదు,
మేకని దొడ్లోకి నెట్టినట్టు నెట్టాడంతే.
ఆ రాత్రి వాడి చొక్కా అంచుకి, లోపలివైపు,
ఎర్రదారంతో ఒక కుట్టు వేశాను.
ఎందుకో అడక్కండి.
మా ఆవిడ మపుత్సోయ్ మిల్లులో
రోజంతా జీన్సు జేబులు కుట్టేది,
ఇంట్లో దారానికి కరువు లేదు.
కొత్త చొక్కాలు వచ్చినప్పుడల్లా
పాత అంచు కత్తిరించి కొత్తదానికి అతికేవాణ్ణి.

మాది పెద్ద జట్టేం కాదు.
పొరుగుదేశం మా నాలుగు వైపులా కూర్చునుంటుంది,
మేం దాని గుప్పెట్లో గులకరాయి.
మూడు ఒకటితో ఓడిపోతాం, ఆ ఒకటి వాడిది.
అయిదు రెండుతో ఓడిపోతాం, ఆ రెండూ వాడివే.
తిరుగు బస్సులో అందరూ కోచ్‌ని తిట్టుకుంటుంటే
వాడు కిటికీకి తల ఆనించి
నోరు తెరుచుకుని నిద్రపోయేవాడు.

గాబరోన్‌లో తలతో.
విండ్‌హోక్‌లో ఎడమకాలితో,
కుడి చీలమండ గుమ్మడికాయలా వాచి ఉంటే.
వెల్కమ్ బంగారు గనినుంచి తెచ్చుకున్న దగ్గుతో
తండ్రి పోయిన వారం రెండు.
ఆ చొక్కా మెడ దగ్గర పంటిగాట్లున్నాయి.
రెండుసార్లు నానబెట్టినా పోలేదు.

ఇక ఆ సాయంత్రం.
డెబ్బై ఎనిమిదో నిమిషం, సున్నా సున్నా.
కొండ మీద వడగళ్లు కాసుకుని ఉన్నాయి.
నేను గోలు వెనక నీళ్లసీసాలు ఏరుతున్నాను.
వాడు కాలు వెనక్కి తీశాడు,
కరెంటు పోయింది.

స్టేడియం మొత్తం ముసుగుతన్నింది.
ఆ చీకట్లో విన్నాను
ముందు తోలు మీద తోలు,
ఆ తర్వాత వల.
వల చప్పుడు నేను పొరబడను,
జల్లెడని అరచేత్తో ఒక్కసారి తట్టినట్టుంటుంది.

లైట్లు వచ్చేసరికి అరగంట.
బంతి లోపలే ఉంది, తడిసి, అమాయకంగా.
ఎవరైనా చూశారా అన్నాడు రిఫరీ.
గోలీ చేతులు తిప్పేశాడు.
నేను నోరు తెరిచాను గానీ
సీసాలు ఏరేవాడి చెవిని ఎవరు సాక్ష్యానికి పిలుస్తారు?
చివరికి వాణ్ణే అడిగాడు.
"చూడలేదు" అన్నాడు ఫెయెల్లో.
"నాకూ చీకటే కదా."

మ్యాచ్ సున్నా సున్నాతోనే ముగిసింది.
సొంత జట్టు వారం రోజులు వాడితో మాట్లాడలేదు.
నేను మాత్రం కుట్టు వేశాను,
మిగతావాటికంటే కాస్త పొడుగ్గా.

ఆఖరి మ్యాచ్‌కి వాడికి ముప్పైనాలుగు.
జనం చేతుల్లో నలభై అని రాసిన అట్టలు.
పెనాల్టీ దొరికింది,
దొరకబుచ్చుకున్నారేమో కూడా.
బంతి బారు మీంచి ఎగిరి
పోలీసు గుర్రం కాళ్ల దగ్గర పడింది.
అట్టలన్నీ ఒకేసారి కిందికి దిగాయి.
వాడు నడుం దగ్గర అంచుని
బొటనవేలితో, జపమాలలా, తడుముకుంటూ
నా వైపు చూశాడు.
ఎన్నాళ్లనించి తెలుసో మరి,
ఒక్కనాడూ అడగలేదు.

ఇప్పుడు కొండమీద అంగోరా మేకలు కాస్తున్నాడట.
వాటిని కూడా ఎవరైనా అడిగితే
ఒకటి తక్కువే చెబుతాడనుకుంటా.

నిన్న కొత్త కుర్రాడొచ్చాడు, పందొమ్మిదేళ్లుంటాయి.
తొమ్మిదో నంబరు తొడుక్కుని ఇబ్బందిగా కదిలాడు.
"న్తాతే, నడుం దగ్గర ఏదో గీరుకుంటోంది."
కత్తెర చేతిలోనే ఉంది.
"అలవాటవుతుందిలే" అన్నాను,
"ముందెళ్లి పరిగెత్తు."