మూడు రింగులు

ఒక్క రింగు, పాఠం చూసిన సార్.
రెండు, సమజ్ కాలే.
బ్యాలెన్స్ లేని ఫోన్లకు
నేను రాసిచ్చిన వ్యాకరణమిది.

సుబేదారిల కిరాయి గది.
రాత్రి ఎనిమిదింటికి
హాజరు రిజిస్టరు ఒళ్లో పెట్టుకొని కూసుంట.

పదకొండో నంబరు ఈసం నర్సింగు,
తాడ్వాయి అవుతల.
వాళ్ల నాయిన ఫోను పొద్దంతా చేన్లనే,
అది ఇంటికొస్తేనే వానికి బడి.
టీవీల భిన్నాలు చెప్పే టీచరమ్మ
వాన్ని పేరుపెట్టి పిలువది.

రెండు రింగులొస్తే నేనే చేస్త.
"రొట్టెను మూడు ముక్కలు చెయ్యిరా" అంటే
"మేం జావ తాగినం సార్" అన్నడు ఓపాలి.
గిన్నెలతోని మళ్ల మొదలుపెట్టిన.

నిన్న మూడు రింగులు కొట్టిండు.
అసొంటిది మన లెక్కల లేదు కదరా అంటే
"మా దిక్కు వాన పడుతుంది సార్,
ఊకెనే చెప్పిన."

ఇయ్యాల మళ్ల మూడు.
వాని పేరు పక్కన ఏం రాయాల్నో తెల్వక
పెన్ను చెవి మీద పెట్టుకొని
డాబా ఎక్కిన.
ఈడ మొగులు లేదు,
చుక్కలు పిట్ల పిట్ల మెరుస్తున్నయ్.

దండెం మీది బట్టలన్నీ
లోపలికి తెచ్చిన.