దడువాయి

రవళిక రేపటి పరీక్షకు గట్టిగ చదువుతున్నది:
ఈజిప్టుల మనిషి చచ్చినంక
గుండెను తక్కెట్ల పెడుతరట,
అవతలి చిప్పల ఒక్క ఈక.
నక్కతల దేవుడు ముల్లు చూస్తడు,
కొంగముక్కు దేవుడు చిట్టా రాస్తడు.
ఈక కన్న బరువు తేలితే
పక్కనే నోరు తెరుచుకొని మొసలిమూతి.

నా చేతిల ముద్ద చేతిలనే ఉన్నది.

ఇరవై ఆరేండ్లు ఎనుమాముల యార్డుల దడువాయిని.
పత్తి నెత్తి మీద, మీసాల మీద, ఊపిరిల.
కాంటా ముల్లు నిలవకముందే
ఎక్కడ నిలవాల్నో ఖరీదుదారు కన్ను చెప్పేది.

"తూకంల మోసం చెయ్యలేదని
నలభై ఇద్దరు దేవుళ్లకు ఒప్పజెప్పాలె బాపూ!"
నవ్వుతది బిడ్డ.
నా ముందర ఇద్దరే ఉండిరి, అడ్తి ఒకడు, ఖరీదు ఒకడు.
ఇద్దరికీ నలభై ఇద్దరంత ఆకలి.

ఆ యేడు ముసురు. పరకాల దిక్కు నుంచి మొగిలమ్మ,
పదకొండు బోరాలు.
తడి ఉన్నదన్నరు. బోరాకు రెండు కిలోల తరుగన్నరు.
నేను మూడు రాసిన.
ఆమె లెక్క అడగలే.
నా అంగీకి అంటిన పత్తి పింజెను గిల్లి తీసి
మళ్ల బోరాలనే వేసింది.

పింజె.
ఈకంత.

"పీనుగను బట్టల చుట్టేటప్పుడు
మెదడు పారేస్తరు, గుండెను మాత్రం లోపలనే ఉంచుతరు.
దాని మీద రాతి పేడపురుగును పెట్టి
నా మీద సాక్ష్యం చెప్పకు అని బతిమాలుతరు."

ఆ పురుగు ఏడ దొరుకుతది బిడ్డా,
అక్కడ మళ్లొకసారి చదువు.